అప్పులవాళ్ల ఓటు

2018 డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం కాశీబుగ్గలో మా మావయ్య ఇంటి ముందు ఇరవై అయిదు ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. టెంటు హౌసు నుంచి తెచ్చిన కుర్చీలు, ఒక్కొక్కటి అయిదు రూపాయల అద్దె. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి, ఇంట్లో ఏమైనా శుభకార్యమా అని అడిగారు. మావయ్య నవ్వి ఊరుకున్నారు. ఆ రోజు ఆయన పిలిచింది తనకు అప్పిచ్చినవాళ్లను, అందరినీ, ఒకేసారి.

అంతకు రెండు నెలల ముందు, అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను మా వైపు తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకు ఒరిగిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. మావయ్యది పలాసలో జీడి ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, పిక్కలు ఉడికించే బాయిలరు, పప్పు ఆరబెట్టే గది, వరసగా కూర్చుని పిక్కలు కొట్టే పదిహేను మంది ఆడవాళ్లు. ఆ రాత్రి రేకులు లేచిపోయాయి, గోదాములోని పిక్కలు తడిసి వారంలో బూజు పట్టాయి. అయితే తప్పంతా తుపాను మీదకు తోసేస్తే అబద్ధం చెప్పినట్టే. అప్పటికి రెండేళ్లుగా ఆయన ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తున్నారు. తుపాను వచ్చి పుస్తకం మూయించింది, అంతే.

లెక్క రాసింది నేను. చదువుకున్న మేనల్లుడంటే మా ఇళ్లలో లెక్కలు రాయడానికే పుట్టాడనుకుంటారు. రెండు వందల పేజీల నోటుబుక్కులో గీతలు గీసి రాశాను. షెడ్డు తాకట్టు మీద బ్యాంకుకు 14 లక్షలు. తాకట్టు లేనివి 28 లక్షలు. అందులో పిక్కలు అరువిచ్చిన వ్యాపారికి 13 లక్షలు, ఒక వడ్డీ వ్యాపారికి 6, మావయ్య సొంత తమ్ముడికి 4, ప్రోనోటు మీద ఇచ్చిన మరొకాయనకు 3. మిగిలిన 2 లక్షలు పంతొమ్మిది మందివి: పదిహేను మంది ఆడవాళ్ల కూలి బకాయిలు, వాళ్లలో కొందరు ఆయన దగ్గర దాచుకున్న డబ్బు, వ్యాను డ్రైవరు, గోనెసంచుల కొట్టు, టీ కొట్టు, పాలవాడు. మొత్తం ఇరవై ముగ్గురు. నలుగురి పేర్లకు ఒక పేజీలో సగం సరిపోయింది, పంతొమ్మిది మందికి పేజీ తిప్పాల్సి వచ్చింది.

మావయ్య ప్రతిపాదన సులువైనదే. రూపాయికి నలభై పైసలు ఇస్తారు, మూడేళ్లలో, నెలనెలా. షెడ్డు బాగుచేసి ఇంకొకరి పిక్కలను కూలికి ఆడించి సంపాదిస్తారు. పిక్కల వ్యాపారి పది నిమిషాల్లో ఒప్పుకున్నాడు. వడ్డీ వ్యాపారీ కాదనలేదు, ఎందుకంటే ఇచ్చిన అసలుకు మించి అప్పటికే వడ్డీ రూపంలో లాగేశాడు. ఎవరో వెనక నుంచి, తమ్ముడి నోటు నిజమైనదేనా అని అడిగారు. చిన్నమావయ్య ముఖం ఎర్రబడింది. సోంపేటలో స్థలం అమ్మి ఇచ్చిన డబ్బు అది. కానీ అడిగినవాడిది తప్పని నేను అనను. మన దగ్గర ఎవరైనా చేతులెత్తేస్తే, రాత్రికి రాత్రే బావమరుదుల పేర్ల మీద ప్రోనోట్లు పుట్టుకు రావడం కొత్తేమీ కాదు.

అప్పుడు ఒకావిడ లేచింది. పదేళ్లుగా ఆ షెడ్డులో పిక్కలు కొడుతున్న మనిషి. ఆమెకు రావలసింది 7,400 రూపాయలు.

‘‘నాకు నెలకు ఎంత వస్తుంది బాబూ?’’ అని నన్ను అడిగింది.

లెక్క వేశాను. నలభై పైసల చొప్పున 2,960. ముప్పై ఆరు నెలలకు పంచితే నెలకు 82 రూపాయలు.

‘‘అది తీసుకోవడానికి మా ఊరి నుంచి రానూపోనూ ఆటోకే నలభై అవుతుంది’’ అంది. కోపంగా అనలేదు, లెక్క సరిచూస్తున్నట్టుగా అంది. కుర్చీల్లో కొందరు నవ్వారు. నా పెన్ను ఆగిపోయింది. పక్క పేజీలో పిక్కల వ్యాపారికి అదే నలభై పైసల చొప్పున నెలకు 14,444 రూపాయలు అని అప్పుడే రాసి ఉన్నాను. ఇద్దరికీ ఒకే నిష్పత్తి, అణా పైసల తేడా లేదు. ఒకరికి అది వాయిదా, మరొకరికి ఆటో ఖర్చు.

ఆమె అడిగింది ఒక్కటే. చిన్నవాళ్లకు మొత్తం ఇచ్చేయండి, సంక్రాంతి లోపల. పెద్దవాళ్లు పంచుకోవడం తర్వాత చూసుకోండి. మళ్లీ లెక్క వేశాను. మొత్తం 28 లక్షలకు నలభై పైసల చొప్పున పంచేది 11 లక్షల 20 వేలు. అందులో చిన్నవాళ్ల 2 లక్షలు పూర్తిగా తీసేస్తే, మిగిలిన 9 లక్షల 20 వేలను 26 లక్షల మీద పంచాలి. రూపాయికి 35 పైసలు, కొంచెం పైన. పిక్కల వ్యాపారికి దాదాపు 60 వేలు తగ్గుతుంది. ఆయన ముందు కస్సుమన్నాడు. తర్వాత పెద్దమనుషుల్లో ఒకాయన, వచ్చే సీజనులో నీ పిక్కలు కొట్టేది కూడా ఈ చేతులే కదా అన్నాడు. వ్యాపారి కాసేపు నేల చూసి, సరే అన్నాడు.

కాగితం రాశాం. సంతకాలు వచ్చినవాళ్లు సంతకాలు పెట్టారు, రానివాళ్లు వేలిముద్రలు వేశారు. జీడిరసానికి ఏళ్ల తరబడి కాలిన వేళ్లు అవి. ఇంకు ప్యాడు మీద అద్ది కాగితం మీద ఒత్తితే గీతలే పడలేదు, నీలం మరకలు పడ్డాయి. రేషను యంత్రం కూడా మా వేళ్లను గుర్తుపట్టదు అంది ఆవిడ.

మూడు లక్షల ప్రోనోటు ఆయన మాత్రం కాగితం చదివి, జేబులోని కళ్లజోడు తీసిన జాగ్రత్తతోనే మళ్లీ లోపల పెట్టుకుని, లేచి వెళ్లిపోయాడు. ఆయన నోటు రాసి అప్పటికి రెండేళ్ల పది నెలలు. మూడేళ్లు దాటితే దావా వేసే గడువు పోతుంది. ఫిబ్రవరిలో కోర్టుకు వెళ్లాడు, తీర్పు రాకముందే ఇంటి మీద జప్తు తెచ్చాడు. మా ఒప్పందం కాగితాన్ని లాయరుకు చూపిస్తే, ఆయన రెండు వైపులా తిప్పి చూసి, ‘‘ఇందులో వాది సంతకం ఎక్కడుంది?’’ అని అడిగి తిరిగి ఇచ్చేశాడు. ఒకరు వెళ్లారని తెలిశాక వడ్డీ వ్యాపారి ఊరుకుంటాడా? ఆ తర్వాత పిక్కల వ్యాపారీ వెళ్లాడు. మాట తప్పాడని ఆయనను నేను నిందించలేను. ఉన్న ఒక్క ఇల్లు మొదట చేరినవాడికి దక్కుతుందనిపించినప్పుడు, చివర మిగిలిపోవడానికి ఎవరు ఒప్పుకుంటారు? అప్పటికి పంతొమ్మిది మందిలో పదకొండు మందికి డబ్బు అందింది.

ఈ కథంతా ఇప్పుడు ఎందుకంటే, అప్పులవాళ్ల ఓటింగు గురించి చట్టం ఏమంటుందో చదివిన ప్రతిసారీ నా చేతిలో ఆ నోటుబుక్కే ఉంటుంది. చట్టం మీద నాకొక ఫిర్యాదు ఉంది. అది చెప్పే ముందు చట్టానికి దక్కాల్సిన గౌరవం దానికి ఇవ్వాలి.

పెద్దమనుషుల తగవుకు లేనిదీ, చట్టానికి ఉన్నదీ ఒక్కటే: కాదన్నవాడిని కూడా కట్టిపడేసే శక్తి. మా ముంగిట్లో ఇరవై ఇద్దరు ఒప్పుకున్నా ఇరవై మూడో మనిషి స్వేచ్ఛాజీవి. చట్టం ప్రకారం ఓటింగు జరిగి ప్రణాళిక నెగ్గి, దానికి ఆమోదముద్ర పడితే, వ్యతిరేకించినవాడికీ అదే దారి. ఓటు పెట్టేదే అందుకు.

మన ప్రాంతంలో ‘ఐపీ పెట్టాడు’ అనే మాట వినని ఇల్లు ఉండదు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే పొడవాటి మాటకు మనవాళ్లు చేసుకున్న పొట్టి రూపం అది. పెళ్లి సంబంధాలు చెడగొట్టడానికి ఆ ఒక్క మాట చాలు. మావయ్య కోర్టు గడప తొక్కకుండా కుర్చీలు వేయించింది ఆ మాట పడకూడదనే. ఐపీ అంటే అప్పులు ఎగ్గొట్టడమనే అందరి నమ్మకం, ఎగ్గొట్టడానికే వాడుకున్నవాళ్లూ లేకపోలేదు. కానీ ఆ పిటిషను వెనక ఉన్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. పలాస ఇంకా గంజాం జిల్లాలో ఉన్న రోజుల నాటిది. అందులో 38వ సెక్షను ఎవరూ చదవరు. దివాలాదారుగా ప్రకటించాక, అప్పులవాళ్ల ముందు రాజీ ప్రతిపాదన పెట్టుకోవచ్చని అది చెబుతుంది. ఆ ప్రతిపాదన నెగ్గాలంటే రెండు లెక్కలు కుదరాలి. అప్పు రుజువు చేసుకుని, స్వయంగానో వకీలు ద్వారానో హాజరైనవాళ్లలో మనుషుల సంఖ్య ప్రకారం సగానికి మించి ఒప్పుకోవాలి, అప్పు విలువ ప్రకారం ముప్పాతిక ఒప్పుకోవాలి. రెండు తాళాలు, రెండు తాళంచెవులు. అందరూ ఒప్పుకున్నా, షరతులు సమంజసంగా లేవనిపిస్తే కోర్టు తోసిపుచ్చవచ్చు. అప్పు చేసినవాడి తప్పులు కొన్ని రుజువైతే, రూపాయికి ఆరణాలకు తక్కువ కాకుండా హామీ చూపించాల్సిందే. ఆరణాలంటే ముప్పై ఏడున్నర పైసలు. మావయ్య తనకు తెలియకుండానే ఆ గీతకు రెండున్నర పైసలు పైన నిలబడ్డారు.

అదే చట్టంలో ఇంకో అంకె చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆస్తి పంచేటప్పుడు కూలివాళ్లకు మిగతావాళ్లకంటే ముందు ఇవ్వాలని ఉంది, మంచిదే. ఎంత వరకు? ఇరవై రూపాయల వరకు. 1920లో ఇరవై రూపాయలకు విలువ ఉండేది. దాన్ని సవరించే తీరిక ఎవరికీ దొరకలేదు.

ఇక 2016 నాటి దివాలా స్మృతి, పత్రికలు ఐబీసీ అని రాసేది. కంపెనీల గురించి రోజూ వార్తలు వస్తాయి గానీ, అందులో మూడో భాగమంతా వ్యక్తుల అప్పుల గురించే. పద్ధతి బాగానే ఆలోచించి రాశారు. దరఖాస్తు పెట్టగానే తాత్కాలికంగా దావాలన్నీ ఆగిపోతాయి, అంటే ఫిబ్రవరిలో మా ఇంటి మీద జరిగిన పరుగుపందెం ఉండదు. పరిష్కార నిపుణుడు ఒకరు వస్తారు. బహిరంగ ప్రకటన ఇస్తారు, ఇరవై ఒక్క రోజుల్లో ఎవరి బాకీ వాళ్లు నమోదు చేసుకోవాలి. అప్పు తీర్చే ప్రణాళికను అప్పు చేసినవాడే ఆ నిపుణుడితో సంప్రదించి తయారుచేస్తాడు. తర్వాత రుణదాతల సమావేశం. ఎవరికి ఎంత ఓటు అనేది నిపుణుడు తేలుస్తాడు. ఇంత అని తేలని బాకీకి ఓటు లేదు. అప్పు చేసినవాడి బంధువులకు ఓటు లేదు, అంటే చిన్నమావయ్య కూర్చుని వినవచ్చు, చేయి ఎత్తకూడదు. బావమరుదుల ప్రోనోట్లకు ఇది సరైన మందు. హాజరై, లేదా తమ తరఫున ఒకరిని పంపి, ఓటు వేసినవాళ్ల బాకీల విలువలో ముప్పాతికకు మించి ఒప్పుకుంటే ప్రణాళిక నెగ్గినట్టు. ట్రిబ్యునల్ ఆమోదిస్తే అందరూ కట్టుబడాలి. ఓడిపోతే దివాలా ప్రక్రియకు తలుపు తెరుచుకుంటుంది.

మనుషుల సంఖ్య ఎక్కడుంది అని వెతికాను. లేదు. రెండో తాళం తీసేశారు.

నోటుబుక్కు తెరుద్దాం. తాకట్టు లేని 28 లక్షల్లో చిన్నమావయ్య 4 పక్కన పెడితే 24. ముప్పాతిక అంటే 18. పిక్కల వ్యాపారి 13, వడ్డీ వ్యాపారి 6, కలిపి 19. అయిపోయింది. ఆ మూడు లక్షల ఆయన కళ్లజోడు జేబులో పెట్టుకుని వెళ్లిపోయినా నష్టం లేదు, ఆయనా కట్టుబడాల్సిందే. నాకు కావలసింది అదే. కానీ ఆ పంతొమ్మిది మంది? అందరూ ఒక్కటై కాదన్నా వాళ్ల బలం 24లో 2. నెలకు 82 రూపాయలు అని రాసి ఉన్న మొదటి కాగితమే అక్షరం మారకుండా నెగ్గేది. ఆమె లేచి అడగాల్సిన అవసరమే ఎవరికీ కనిపించేది కాదు. వాళ్లకు ఇవ్వండని వ్యాపారిని ఒప్పించాల్సిన అవసరమూ ఉండేది కాదు.

బ్యాంకును కూడా లెక్కలోకి తెస్తే విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. తాకట్టు ఉన్న రుణదాత ప్రణాళిక మీద ఓటు వేస్తే, ఆ ప్రణాళిక నడిచినంత కాలం తాకట్టు మీద చేయి వేసే హక్కు వదులుకోవాలి. వదులుకోనంటే, తాకట్టుతో తీరని భాగం ఎంతో ప్రమాణపత్రం ఇచ్చి, అంతవరకే ఓటు వేయాలి. రేకులు లేచిపోయిన మావయ్య షెడ్డు ఇంకా 14 లక్షలు చేస్తుందని బ్యాంకు అనుకుంటే దానికి ఓటే లేదు. పది లక్షలే అంటే నాలుగు లక్షల ఓటు వచ్చి పడుతుంది. మొత్తం 28, ముప్పాతిక 21. బ్యాంకు వద్దంటే ఇద్దరు పెద్దవాళ్లు చాలరు. పంతొమ్మిది మందినీ కలుపుకొంటే సరిగ్గా 21. చట్టం అడిగేది ముప్పాతిక కాదు, ముప్పాతికకు మించి. ఒక్క రూపాయి తక్కువ. అప్పుడు తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుంది? కళ్లజోడు ఆయన చేతిలో. ఒక షెడ్డుకు ఎవరో కట్టిన ధర మీద ఇరవై మూడు కుటుంబాల సంగతి ఆధారపడుతుంది.

నా వాదన ఇది: 1920 నాటి రెండో తాళం మళ్లీ పెట్టాలి. విలువ లెక్క తీసేయమని అనడం లేదు. పదమూడు లక్షలు పోయేవాడి మాటకు ఏడువేలు పోయేవాడి మాటకంటే బరువు ఉండడంలో అన్యాయం లేదు, పోయేది అతని డబ్బు. కానీ ఎంత డబ్బు పోతోంది అనేదొక్కటే ప్రశ్న కాదు. ఆ డబ్బు పోతే మనిషి ఏమవుతాడు అనేది విలువ లెక్కకు అందదు. తలలు లెక్కపెడితే అందుతుందా అంటే, నేరుగా కాదు. పంతొమ్మిది తలలు అడ్డుపడగలవని తెలిస్తే, ప్రణాళిక రాసేవాడే ముందుగా వాళ్ల దగ్గరకు వెళ్లి మీకేం కావాలని అడుగుతాడు. మా ముంగిట్లో జరిగింది అదే, పెద్దమనుషుల పుణ్యాన. కోర్టు గదిలో ఆ పెద్దమనుషులు ఉండరు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. మా ఊరి లాయరే అన్నాడు: తలలు లెక్కపెడితే తలలు పుట్టిస్తారు. ఒక అయిదు లక్షల నోటును పదిమంది పేర్ల మీద యాభై వేల నోట్లుగా చీల్చడం ఒక సాయంత్రం పని. నిజమే, కాదనను. కానీ దొంగ నోటు విలువ లెక్కను మాత్రం చెడగొట్టదా? ఒక్క కాగితం, ఒక్క సంతకం, అయిదు లక్షలు అని రాస్తే సరిపోతుంది. తలల లెక్కను తారుమారు చేయాలంటే డజను మంది కావాలి, వాళ్లందరూ నిపుణుడి ముందుకు వచ్చి ఎప్పుడు, ఎందుకు ఇచ్చారో చెప్పాలి. అబద్ధం చెప్పే డజను మందిని పోగేయడం కంటే ఒక్కడిని పట్టుకోవడం సులువు. ఇంకొకరు, చిన్నవాళ్లు మొండికేస్తే మంచి ప్రణాళిక కూడా పాడవుతుందన్నారు. అప్పుడు ట్రిబ్యునల్ కారణం విని, అది అసమంజసమైతే తోసేయనీ. కారణం అడగడమైనా జరుగుతుంది కదా.

ఇంగ్లండులో వ్యక్తుల అప్పులకు ఇలాంటి ఒప్పందాలు 1986 నాటి చట్టం కింద జరుగుతాయి. అక్కడా విలువే రాజు: ఓటు వేసినవాళ్లలో 75 శాతం. వాళ్లు బంధువులకు ఓటు తీసేయరు, కానీ రెండోసారి లెక్కపెడతారు. సంబంధం లేనివాళ్ల బాకీల్లో సగానికి మించి వద్దంటే ఒప్పందం చెల్లదు. ఓటు వేయనివాడు లెక్కలో లేనట్టే. మన చట్టానిదీ అదే తీరు, హాజరై ఓటు వేసినవాళ్లే లెక్క. ఈ మాట చదవడానికి తేలిక. వ్యక్తుల దివాలా విషయం రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్తుంది, మాకు అది విశాఖలో. పలాస నుంచి రైలులో సుమారు మూడు గంటలు. 7,400 కోసం ఒక రోజు కూలి వదులుకుని ఎవరు వెళ్తారు? ఇంకొకరిని పంపవచ్చు నిజమే, ఆ కాగితం ఎవరు రాసిపెడతారు, వేలిముద్రలో గీతలు లేవని ఎవరు వెనక్కి పంపకుండా ఉంటారు? రెండో తాళం పెట్టినా, సమావేశం విశాఖలో పెడితే సగం తాళమే.

ఇంతా చెప్పాక అసలు సంగతి: ఇదంతా ఇంకా పుస్తకంలోనే ఉంది. వ్యక్తుల భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చింది కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్ల వరకే. జీడి ఫ్యాక్టరీ యజమానులకు, కిరాణా కొట్టువాళ్లకు, మీకు, నాకు ఇప్పటికీ ఆ 1920 చట్టమే. ఇది తెలిసి కొందరు మిత్రులు నన్ను ఎగతాళి చేస్తారు, అమలులో లేని చట్టాన్ని సవరించమంటావేమిటి అని. అమలులోకి రాకముందే అడగాలి మరి. వచ్చాక పంతొమ్మిది మంది మాట ఎవరు వింటారు?

పోయిన దసరాకు కాశీబుగ్గ వెళ్లినప్పుడు మావయ్యకు ఈ ముప్పాతిక లెక్క చెప్పాను. ఇల్లు పోయాక ఆయన ఇప్పుడు అద్దె ఇంట్లో ఉంటున్నారు, ఇంకొకరి షెడ్డులో లెక్కలు చూస్తున్నారు. పాత నోటుబుక్కు ఇంకా ఉంచుకున్నారు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని పదమూడు, ఆరు అంకెల కింద వేలితో గీత గీస్తూ రెండుసార్లు కూడారు.

‘‘అయితే ఆ ఇద్దరూ చాలన్నమాట’’ అన్నారు.

‘‘చట్టం ప్రకారం చాలు.’’

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పేజీ తిప్పి, పంతొమ్మిది పేర్ల జాబితా అడుగున తన చేత్తో చేర్చిన ఒక పద్దు చూపించారు. టెంటు హౌసు, కుర్చీలు ఇరవై అయిదు, నూట ఇరవై అయిదు రూపాయలు. పక్కన టిక్కు లేదు.

‘‘రెండు కుర్చీలే తెప్పించాల్సింది’’ అన్నారు.